సొంత క్యాంపింగ్ ట్రైలర్: పెట్టె కన్నా ముందు కాగితాలు, యాక్సిల్

ట్రైలర్ కట్టుకుందామనుకునే వాళ్లు ముందుగా పెట్టె బొమ్మ గీస్తారు. వంటగట్టు ఎటు లాగాలి, టెంటు ఎటు విచ్చుకోవాలి, నీళ్ల ట్యాంకు ఎంత పెట్టాలి అని. నేను కాగితాలతో మొదలుపెట్టి, తర్వాత యాక్సిల్ చూసుకుని, పెట్టెను ఆఖరికి ఉంచాను. పెట్టెలో తేడా వస్తే స్క్రూలు విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. మొదటి రెండింట్లో తేడా వస్తే ఇనుము కోయాల్సిందే.

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ఇంజిన్ లేకపోయినా ట్రైలర్ కూడా మోటారు వాహనమే, రిజిస్ట్రేషన్ తప్పదు. దరఖాస్తు ఫారం 20. దానికి తోడు అమ్మకం ధ్రువపత్రం ఫారం 21, రోడ్డుకు పనికొస్తుందని తయారీదారు ఇచ్చే ఫారం 22. ఇంటి వెనక షెడ్డులో కట్టుకున్న బండికి ఈ రెండింటి మీద సంతకం పెట్టేదెవరు? అందుకే ఛాసిస్ వరకు అనుమతులున్న తయారీదారు దగ్గర, ఆయన పేరు మీదే, నా డ్రాయింగ్‌తో చేయించాను. బాడీ, వైరింగ్ ఇంటి దగ్గర. ఆర్టీఏ ఆఫీసులో ఏమేం అడుగుతారో వెల్డింగ్ మొదలుపెట్టకముందే కనుక్కుని రాసిపెట్టుకోవడం మంచిది. మొత్తం బరువు 750 కిలోలు దాటనివ్వలేదు. మన వర్గీకరణలో అది టీ1, ట్రైలర్లన్నింట్లో చిన్న తరగతి. కారు మాన్యువల్‌లో టోయింగ్ బరువు, అంటే ఆ కారు లాగగలిగే బరువు ఎంతని రాసుందో కూడా చూడాలి. అసలు రాయకపోతే ఆ కారుతో ఈ ఆలోచన మానుకోవడమే.

ఇక లెక్క. ట్రైలర్ మొత్తం బరువులో దాదాపు 10 శాతం కారు హిచ్ బాల్ మీద, అంటే ట్రైలర్ తగిలించే వెనక గుండు మీద పడాలి. తక్కువైతే 60, 70 వేగం దాటగానే వెనక భాగం అటూఇటూ ఊగడం మొదలవుతుంది, వేగం పెరిగేకొద్దీ ఊపూ పెరుగుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనక కూర్చుండిపోతుంది, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. ఈ శాతాన్ని తేల్చేది యాక్సిల్ ఉన్న చోటే. నా పెట్టె పొడవు 2440 మి.మీ., అంటే 8×4 ప్లైవుడ్ షీటు పొడవే. కప్లర్ (బాలును పట్టుకునే ట్రైలర్ ముక్కు) నుంచి పెట్టె ముందు అంచుకు 1200, అక్కణ్నుంచి పెట్టె సగానికి 1220, మొత్తం 2420. సామాను బరువు పెట్టె నడిమధ్య ఉందనుకుంటే, కప్లర్ నుంచి 2690 దగ్గర యాక్సిల్ పెడితే సరిగ్గా 10 శాతం వస్తుంది: 2690లోంచి 2420 తీస్తే 270, దాన్ని 2690తో భాగించాలి. కానీ డ్రాబార్ (పెట్టెను కప్లర్‌కు కలిపే చట్రం) మీద స్టెప్నీ, టూల్ బాక్స్ కలిపి 30 కిలోలు పెట్టేసరికి, 400 కిలోల పెట్టెకు అదే చోట 14 శాతం అవుతుంది. యాక్సిల్‌ను 2600కి జరిపితే 11కి దిగుతుంది. అంటే ముందు ఏం పెట్టబోతున్నారో తేలకుండా యాక్సిల్ చోటు తేలదు. కమాన్లను (లీఫ్ స్ప్రింగులను) పట్టి ఉంచే హ్యాంగర్లను ఫ్రేమ్‌కు నేరుగా వెల్డ్ చేయకుండా కింద ఒక సబ్‌రైల్ వేసి, 45 మి.మీ.కి ఒక బోల్టు రంధ్రం చొప్పున ఇచ్చాను. తర్వాత ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు.

ఫ్రేమ్‌కు 50×50×3 స్క్వేర్ పైపు 6 మీటర్లవి రెండు సరిపోతాయి. ఒక పైపులో 2440 రైళ్లు (పొడవు వైపు బద్దలు) రెండు, రెండో పైపులో 1120 అడ్డబద్దలు ఐదు. మీటరుకు 4.3 కిలోలు. డ్రాబార్‌కు 80×40×3 పైపు ఒకటి తీసుకుని, ఇంగ్లీషు A ఆకారంలో రెండు కాళ్లు పెట్టి, వాటిని మొదటి రెండు అడ్డబద్దల కింది దాకా పోనిచ్చాం. కాళ్లను పెట్టె ముందు బద్దకే అతికించి వదిలేస్తే వంపు భారమంతా ఆ ఒక్క అతుకు మీదే పడి, గోతుల రోడ్డులో అక్కడే చీలుతుంది. అన్నీ కలిపి ఫ్రేమ్ 65 కిలోల లోపే. వెల్డింగ్‌కు 3.15 ఎం.ఎం. 6013 రాడ్లు వాడాం. అన్నిచోట్లా ముందు టాకాలు (చుక్క అతుకులు) మాత్రమే పెట్టించి, మూలమట్టంతో చూసి, ఐమూల కొలతలు రెండూ 2 మి.మీ. తేడాలోపు వచ్చాకే పూర్తి వెల్డింగ్‌కు ఒప్పుకున్నాను. ఒకే పక్క వరసగా లాగితే వేడికి ఫ్రేమ్ మెలితిరుగుతుంది; ఎదురెదురు మూలలు మార్చుకుంటూ పోవాలి. జీఐ (జింకు పూత) పైపు చౌకగా దొరికిందని వద్దు, జింకు పొగ ఊపిరితిత్తులకు చేటు. రైలు పైముఖం మీద, కింది ముఖం మీద రంధ్రాలు పెట్టనివ్వకండి. పక్క ముఖాల మధ్యలో పెట్టుకోవచ్చు. ప్రతి పైపు కింద చివర 8 మి.మీ. రంధ్రం ఒకటి తప్పదు. లేకపోతే వానాకాలంలో నీళ్లు లోపలే నిలిచి, పైన రెడాక్సైడ్ మెరుస్తుండగానే లోపలినుంచి తుప్పు తింటుంది.

హైదరాబాద్‌లో కమాన్లు, హబ్బుల కోసం ఆటోనగర్, నట్లు, యూ బోల్టుల కోసం రాణిగంజ్, లేత్ పనికి బాలానగర్. పాత ఓమ్నీ వెనక కమాన్లు ఈ బరువుకు బాగా సరిపోతాయి. చక్రాలూ ఓమ్నీవే, 12 అంగుళాలవి. పెద్ద జీపు కమాన్లు వేస్తే గట్టిగా ఉంటుందని షాపువాళ్లు చెబుతారు కానీ, ఖాళీ ట్రైలర్‌కు అవి వంగవు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి గంతులేసి ఆ దెబ్బంతా వెల్డింగ్ అతుకులు తింటాయి. పాత వెనక యాక్సిల్‌నే డిఫరెన్షియల్‌తో సహా తగిలించే వాళ్లూ ఉన్నారు, ఊరికే మోసే బరువు. 40 మి.మీ. చదరపు రాడ్డుకు రెండు చివర్లా హబ్బు కూర్చునే స్టబ్ లేత్ మీద తిప్పించుకుంటే 20 కిలోల లోపు అయిపోతుంది. బిగించేటప్పుడు కప్లర్ నుంచి యాక్సిల్ రెండు చివరలకూ టేపు పట్టి చూడాలి. తేడా 3 మి.మీ. దాటితే ట్రైలర్ కుక్కలా ఒక పక్కకు నడుస్తుంది, టైర్లు అరుగుతాయి.

బేరింగ్ బిగింపు చేయి చెప్పే పని. ఏపీ3 గ్రీజును రోలర్ల మధ్యకు, వెడల్పు వైపు నుంచి అరచేత్తో నొక్కి దట్టించాలి, పైన పూస్తే లాభం లేదు. చక్రం తిప్పుతూ కాసిల్ నట్టును గట్టిగా బిగించి, తర్వాత వదులు చేసి, మళ్లీ వేళ్లతో మాత్రమే తిప్పి, దగ్గరి గాడిలో స్ప్లిట్ పిన్ వేయాలి. చక్రం పట్టి ఊపితే ఆట ఉందా లేదా అన్నంత మాత్రం తెలియాలి. మొదటి 20, 30 కిలోమీటర్ల తర్వాత హబ్బు మీద అరచెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి నిలవలేదంటే బిగింపు ఎక్కువైంది.

బాలుకు, కప్లర్‌కు సైజు కలవాలి. 50 మి.మీ. ఒక లెక్క, 2 అంగుళాలు ఇంకో లెక్క, అది 50.8. రెండు సేఫ్టీ గొలుసులను కప్లర్ కింద అడ్డంగా దాటించి తగిలిస్తే, కప్లర్ ఊడినా డ్రాబార్ వాటి మీద పడుతుంది కానీ రోడ్డులో గుచ్చుకోదు.

ఏడు పిన్నుల సాకెట్‌లో పసుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి, ఎరుపు బ్రేకు, నలుపు ఎడమ టెయిల్, గోధుమ కుడి టెయిల్, నీలం వెనక ఫాగ్, తెలుపు ఎర్త్. వైర్లన్నీ కోఠి గుజరాతీ గల్లీలోనే దొరుకుతాయి. లైట్లకు 1.5, ఎర్త్‌కు 2.5 చదరపు మి.మీ. ఎర్త్ కోసం హిచ్ బాల్‌ను నమ్ముకుంటే గ్రీజు, తుప్పు మధ్యలో అడ్డం వస్తాయి. ఎడమ ఇండికేటర్ వేసినప్పుడు టెయిల్ లైటు కూడా మిణుకుమంటోందంటే ఎర్త్ పోయిందని అర్థం, బల్బులు మార్చి డబ్బులు తగలేయకండి. ఎల్‌ఈడీలు పెట్టాక ఇండికేటర్ గబగబా కొట్టుకుంటే వాటి కరెంటు చాలక బల్బు పోయిందని కారు అనుకుంటోందన్నమాట. కొత్త కార్లలో టెయిల్ వైరును కోసి కలపకుండా రిలే ఉన్న ట్రైలర్ మాడ్యూల్ పెట్టించుకోవాలి.

పెట్టె అడుగున 3 మి.మీ. చెకర్ ప్లేటు వేస్తే షీటు 70 కిలోలు దాటుతుంది. 12 మి.మీ. మెరైన్ ప్లై 24 కిలోలు. ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకుని, కోసిన అంచులన్నిటికీ, స్క్రూ రంధ్రాల లోపలికీ ఎపాక్సీ పట్టించాను. ప్లై ఉబ్బడం ఎప్పుడూ అంచుల నుంచే. 40 లీటర్ల నీళ్ల ట్యాంకును యాక్సిల్‌కు ఆనుకుని ముందు పక్క పెట్టాను. అది వెనక ఉంటే నిండినప్పుడు బాలు మీద బరువు తగ్గుతుంది, ఖాళీ అయ్యాక పెరుగుతుంది. గ్యాసు బండ అరకు అడుగున గాలిరంధ్రాలు ఉండాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, పైన పెట్టిన రంధ్రం వల్ల లాభం లేదు.

రోడ్డెక్కే ముందు సామానంతా సర్ది, నీళ్లు నింపి ధరమ్ కాంటా (లారీలు తూచే వే బ్రిడ్జి) మీద మొత్తం బరువు తూయించాలి. బాలు మీది బరువుకు కాంటా అక్కర్లేదు. ట్రైలర్ మట్టంగా నిలబెట్టి, కప్లర్ కింద బాత్రూమ్ స్కేలు, దాని మీద హిచ్ ఎత్తుకు సరిపడే చెక్కముక్క పెడితే చాలు. ట్యాంకు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి చూడాలి. రెండుసార్లూ 8 నుంచి 12 శాతం మధ్య రావాలి, కిలోల్లో హిచ్ మీద రాసిన పరిమితి దాటకూడదు. రాకపోతే ముందు సామాను జరిపి చూసి, అప్పటికీ కుదరకపోతేనే హ్యాంగర్ బోల్టుల జోలికి వెళ్లాలి. తొలి 100 కిలోమీటర్ల లోపు యూ బోల్టులు, చక్రం నట్లు మళ్లీ బిగించాలి. కొత్తగా బిగించిన కమాను పట్టీలు సర్దుకునేసరికి ఒకటి రెండు చుట్లు వదులైపోతాయి.