పద్నాలుగు మాత్రలు

"గనేరియా లేదని రాశారు కదన్నా, మరి మందులెందుకు?" అని నాలుగు మడతల ల్యాబ్ కాగితాన్ని నా మందుల షాపు కౌంటర్ మీద పరిచి, వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుంటూ ఆ కుర్రవాడు అడిగాడు.

స్లైడులో చీము కణాలుండి లైంగికంగా సోకే గనేరియా క్రిమి కనిపించలేదంటే జబ్బు లేదని కాదు, మూత్రనాళం వాపుకు కారణం వేరొకటని అర్థం. తరచుగా అది అలాగే సోకే క్లమీడియా అనే బాక్టీరియా, కొందరిలో మైకోప్లాస్మా జెనిటాలియం అనే మరో బాక్టీరియా. డాక్టరు రాసిన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మి.గ్రా. మాత్రలు రోజుకు రెండు చొప్పున 7 రోజులకు 14 లెక్కపెట్టి ఇచ్చాను. నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలని, వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడవచ్చని, మంట తగ్గినా మధ్యలో ఆపకూడదని చెప్పాను. ఇంతవరకూ శ్రద్ధగానే విన్నాడు.

"మా ఆవిడకేం లేదన్నా" అన్నాడు. ఇక్కడే నాకెప్పుడూ మాట తడబడుతుంది. క్లమీడియా చాలామంది స్త్రీలలో ఏ లక్షణమూ చూపకుండానే ఉండిపోయి గర్భాశయ నాళాలను దెబ్బతీయగలదు. ఆమెకూ చికిత్స జరగకపోతే ఇతనికి మళ్లీ సోకవచ్చు. ఇద్దరి చికిత్స పూర్తయ్యేదాకా కలయికకు దూరంగా ఉండాలన్నాను. ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌లో ఇద్దరికీ ఉచితంగా చూస్తారనీ చెప్పాను.

కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. "ఆమెతో ఏమని మొదలుపెట్టాలన్నా?" అన్నాడు, చిల్లర తీసుకోవడం కూడా మరచిపోయి.