పెద్దమ్మ మింగించిన మాత్రలు

2006 చివర్లో నాకు క్షయ ఉన్నట్టు తేలింది. నెల్లూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతూ, స్టోన్‌హౌస్‌పేటలో ఒక మేడ మీది గదిలో మరో ఇద్దరు లెక్చరర్లతో కలిసి ఉంటున్న రోజులవి. దసరా ముందు పట్టుకున్న దగ్గు దీపావళి దాటినా వదల్లేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, తెల్లవారుజామున దిండు గలీబు తడిసేంత చెమట పట్టేది, ప్యాంటు జారిపోతుంటే బెల్టుకు కొత్త బెజ్జం వేయించుకున్నాను. నేను చూపించుకుంటున్న డాక్టరు దగ్గు మందులు మార్చి మార్చి రాసిచ్చాడే తప్ప తెమడ పరీక్ష మాట ఎత్తలేదు. మూడు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలని ఆ రోజుల్లో ప్రభుత్వం చెబుతూనే ఉండేది. చివరికి తెమడలో నెత్తుటి జీర కనబడిన రోజున గదిలోని మిత్రుడే నన్ను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ మూడు నమూనాలు తీసుకున్నారు: వెళ్లిన వెంటనే ఒకటి, మర్నాడు పరగడుపున ఇంటి దగ్గర పట్టి తెచ్చింది ఒకటి, అది ఇచ్చేటప్పుడు అక్కడే మరొకటి. సూక్ష్మదర్శినిలో క్రిములు కనిపించాయి.

అమ్మ కావలిలో అన్నయ్య దగ్గర ఉండేది. ఆ ఇంట్లో అప్పుడు నెలల బిడ్డ. దగ్గే మనిషిని పసిబిడ్డ ఉన్న ఇంటికి పంపవద్దని ఆసుపత్రిలోనూ చెప్పారు. నేను గదిలోనే ఉండి మందులు వాడుకుంటానని ఫోనులో అమ్మకు నచ్చజెప్పాను, ఆమె సరేనంది. ఆ మరుసటి రోజో, ఆ తరువాతి రోజో మా పెద్దమ్మ వింజమూరు బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ గది వెతుక్కుంటూ వచ్చి, గడప దగ్గర నిలబడి, గదంతా ఒకసారి కలియజూసి, "ఏందబ్బయా, ఈ గూట్లోనా నువ్వు బాగుపడేది? గుడ్డలు సర్దు" అంది. నా అభిప్రాయం ఏమిటని ఆమె అడగలేదు. ఎవరి అభిప్రాయమూ అడిగే అలవాటు ఆమెకు ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

ఆమె మా అమ్మకు పన్నెండేళ్లు పెద్ద. మా అమ్మమ్మ కాన్పులో పోయేనాటికి అమ్మకు నాలుగేళ్లట. చెల్లెలికి జడ వేసి, అన్నం పెట్టి, పెళ్లి చేసి అత్తగారింటికి పంపేదాకా అన్నీ ఆమే చూసింది కాబట్టి అమ్మ ఆమెను అక్కా అని పిలిచినా, అమ్మను పిలిచినట్టే ఉండేది. ఆమెకు ఇద్దరు కూతుళ్లు. పెద్దక్కను పొదలకూరుకూ చిన్నక్కను కందుకూరుకూ ఇచ్చారు. మెట్టపొలం, ఒక పాడి బర్రె, పంచలో నులకమంచం ఉన్న రెండు గదుల పెంకుటిల్లు ఆమె ఆస్తి.

చదువు రాని మనిషే అయితే నా చికిత్స మరోలా నడిచేదేమో చెప్పలేను గానీ, ఆమెకు చదువు వచ్చిన తీరు మాత్రం చెప్పుకోదగ్గది. 1991లో నెల్లూరు జిల్లా అంతటా వయోజనులకు రాత్రిబడులు పెట్టినప్పుడు, యాభైకి దగ్గరపడిన ఆమె లాంతరు పట్టుకుని రామాలయం అరుగు మీదికి పోయి అక్షరాలు దిద్దింది. ఆ రాత్రిబళ్లలో సారా గురించి పాఠం చదివి, చర్చించుకున్న ఆడవాళ్లే మరుసటి ఏడాది మా జిల్లాలోని దూబగుంటలో సారా అంగడికి అడ్డం నిలిచారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మోగింది. మా పెద్దనాన్న కూలి డబ్బుల్లో సగం సారా ప్యాకెట్లకే పోతున్న కాలమది. పెద్దమ్మ తన ఊరి ఆడవాళ్లతో కలిసి ప్యాకెట్లు వీధిలో పోసి తగలబెట్టింది, సారా వేలంపాట జరగనివ్వకూడదని లారీ ఎక్కి నెల్లూరు దాకా పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యనిషేధమూ వచ్చింది. 1997లో దాన్ని సడలించాక పెద్దనాన్న మళ్లీ బ్రాందీ అంగడి దారి పట్టి, ఎక్కువ కాలం బతకలేదు. ఈ చివరి ముక్కను ఉద్యమం గురించి మాట్లాడేవాళ్లు ఎవరూ చెప్పరు. పెద్దమ్మ చెప్పేది, అదీ గొంతు ఏమాత్రం మారకుండా.

నా చికిత్సను నెల్లూరు నుంచి ఆమె ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మార్పించారు. అప్పటి పద్ధతిలో రోగి పేరు రాసిన మందుల పెట్టె ఒకటి మొదటి రోజే పక్కన పెట్టేసేవారు. కొత్తగా జబ్బు పడ్డవాళ్లకు ఎర్ర పెట్టె. ఆ పెట్టెను అంగన్‌వాడీ టీచరు దగ్గర ఉంచారు. సోమ, బుధ, శుక్రవారాల్లో నేను ఆమె ఎదుట కూర్చుని మాత్రలు మింగాలి, ఆమె కార్డులో గుర్తు పెట్టాలి. మొదటి రెండు నెలలు పూటకు ఏడు మాత్రలు. ఏడూ ఒకే అట్టలో ఉండేవి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అని పేర్లు నేను చదివి వినిపిస్తే పెద్దమ్మ అవి తనకు అక్కర్లేదంది. ఆమెకు కావలసింది లెక్క. బడి పిల్లల నలభై పేజీల నోటు పుస్తకం ఒకటి కొని, గీతలు గీసి, తేదీ, వారం, మాత్రలు, అన్నం, జ్వరం అని తలకట్టులు లేని పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంది. టీచరు కార్డులో గుర్తు పెట్టిన రోజు రాత్రి తన పుస్తకంలోనూ రాసేది. అన్నం గడిలో "సగం వదిలినాడు" అని ఉన్న రోజులు మొదట్లో చాలా ఉన్నాయి.

మూత్రం కుంకుమ నీళ్లలా ఎర్రబడేసరికి నేను బెదిరిపోయాను. రిఫాంపిసిన్ వల్ల అది సహజమేనని నర్సమ్మ చెప్పింది. ఆ తరువాత వాంతులు, వాటి వెనుక కీళ్లనొప్పులు. మోకాళ్లు పట్టేసి పంచ మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. ఒక శుక్రవారం ఇక నా వల్ల కాదని మంచం దిగలేదు. పెద్దమ్మ ఓదారుస్తుందని ఎవరైనా అనుకుంటే వాళ్లకు ఆమె తెలియదన్నమాట. టీచరునే ఇంటికి పిలుచుకొచ్చి, చెంబుతో నీళ్లు నా చేతికిచ్చి, "ముందు మింగు, తర్వాత ఏడుద్దువు" అంది. మింగాను. గంటలోపు కక్కుతానేమోనని ఆ గంటసేపూ ఎదురుగా కూర్చుని కందులు చెరుగుతూ నా ముఖం వంకే చూస్తూ ఉంది. ఆమె పోయాక బంధువులందరూ ఆమెను ప్రేమమూర్తి అన్నారు. నేను ఆ మాట వాడను. ఆమె మొండిమనిషి. నన్ను బతికించింది ఆ మొండితనమే.

వీధిలో వాళ్ల భయం వేరే సంగతి. నాకు వేరే గ్లాసు, వేరే కంచం పెట్టమని, నా గుడ్డలు విడిగా ఉతకమని పొరుగింటి ఆవిడ సలహా ఇచ్చింది. పెద్దమ్మ ఆ మాటను తోసిపుచ్చలేదు, నమ్మనూ లేదు. ఆరోగ్య కేంద్రానికి పోయి డాక్టరునే అడిగింది. ఈ జబ్బు దగ్గినప్పుడు గాలిలో కలిసే తుంపరల వల్ల అంటుకుంటుంది గానీ కంచాల వల్లా గుడ్డల వల్లా రాదని, మందులు సరిగా పడితే కొన్ని వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుందని, ఈలోగా గాలి ఆడేచోట పడుకోబెట్టమని ఆయన చెప్పాడు. ఇంటికి వస్తూనే నా మంచం లోపలి గదిలోంచి పంచలోకి మార్చింది, దగ్గేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకోవడానికి పాత చీర చించి తువ్వాళ్లు కుట్టింది. వేరే కంచం మాత్రం పెట్టలేదు. పొరుగింటి ఆవిడకు డాక్టరు చెప్పినదంతా గోడ మీదుగా, వీధి వీధంతా వినబడేటంత గట్టిగా చెప్పింది.

మందులు ఉచితమే. తిండి ఉచితం కాదు. ఇప్పుడైతే క్షయ రోగులకు పోషణ కోసం ప్రభుత్వం నేరుగా బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తున్నది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలుపెట్టి 2024లో దాన్ని 1,000 చేశారు. మాకు అదేమీ లేదు. బర్రె పాలు పాలకేంద్రానికి పోయడం పెద్దమ్మ మానేసింది, దాంతో ఆమె చేతిలో ఆడే చిల్లర కూడా ఆగిపోయింది. పొద్దున గుడ్డు, పాలు, వేరుశనగ ముద్ద, మధ్యాహ్నం సంగటీ పప్పూ, రాత్రి అన్నం. కావలి వైపు నుంచి సైకిలు మీద చేపలు వచ్చిన రోజు మాత్రం ఆ పద్ధతంతా పక్కకు పోయేది. ముందటి రోజు మట్టిదాకలో పెట్టిన పులుసే మర్నాడు తినాలన్నది మా వైపు కట్టుబాటు. చింతపండు పులుసు బాగా మరిగి నూనె పైకి తేలాక చేపముక్కలు ఒక్కొక్కటే జారవిడిచి, ఆ తరువాత గరిటె పెట్టకుండా దాకనే రెండు చేతులా పట్టి తిప్పేది, పుల్లమామిడి ముక్కలు చివర్లో వేసేది. ఆకలి అనేది నాకు తిరిగి వచ్చింది ఆ పులుసు దగ్గరే. పుస్తకంలో ఆ రోజు అన్నం గడిలో "రెండుసార్లు అడిగినాడు" అని ఉంది.

2007 జనవరి చివర్లో రొట్టెల పండుగ వచ్చింది. నెల్లూరు స్వర్ణాల చెరువులో, బారాషహీద్ దర్గా పక్కన, కోరిక తీరినవాళ్లు ఇచ్చే రొట్టెను ఆ కోరికే ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి అందుకుంటారు. హిందువులూ ముస్లిములూ అన్న తేడా అక్కడ ఎవరికీ ఉండదు. పెద్దమ్మ ఒక్కతే పోయి ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చి, సగం నాకు పెట్టి సగం తాను తిన్నది. దానితోపాటు నా తెమడ పరీక్ష ఎప్పుడో నర్సమ్మను మళ్లీ అడిగి పుస్తకంలో రాసుకుంది. ఆమెకు ఈ రెండింటి మధ్యా ఏ పేచీ కనబడలేదు.

రెండు నెలల మందులు పూర్తయ్యాక చేసిన పరీక్షలో క్రిములు లేవు. జ్వరం పోయింది, దగ్గు దాదాపు పోయింది, నేను నెల్లూరు వెళ్లిపోతానన్నాను. కాలేజీలో నా స్థానంలో మరొకరిని పెట్టుకున్నారని అప్పటికే కబురు వచ్చింది, అయినా వెళ్లి అడగాలని నా ఉద్దేశం. పెద్దమ్మ వెళ్లనివ్వలేదు. వాళ్ల ఊళ్లోనే పొగాకు ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్ దగ్గర పనిచేసే ఒకాయన, ఒళ్లు తేలికపడగానే మందులు మానేసి, ఏడాది తిరక్కుండా మళ్లీ పడ్డాడు. రెండోసారి పడ్డవాళ్లకు ఎనిమిది నెలల మందులు, మొదటి రెండు నెలలూ పైన స్ట్రెప్టోమైసిన్ సూదులు. మధ్యలో ఆపితే చావగా మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయని డాక్టరు నాకు ఎంత శాస్త్రీయంగా చెప్పినా ఎక్కలేదు. పెద్దమ్మ నన్ను ఆయన ఇంటికే తీసుకుపోయి, ఆయన మంచం పక్కన కూర్చోబెట్టి, "చెప్పు నాయనా వీడికి" అన్నాక ఎక్కింది. మిగిలిన నాలుగు నెలలూ అక్కడే ఉన్నాను. ఆ నెలల్లో వారానికి ఒక అట్ట ఇచ్చేవారు. అందులో మొదటి మోతాదు టీచరు ముందు, తక్కినవి ఇంట్లో వేసుకుని ఖాళీ అట్ట తిరిగి చూపించాలి. ఆ రోజుల్లో పెద్దమ్మ ఊరి పిల్లలను పంచలో పోగుచేసి నా చేత లెక్కలు చెప్పించింది. తరువాత ఒక పాఠశాలలో ఉద్యోగం వచ్చినప్పుడు ఇంటర్వ్యూలో నేను చెప్పిన అనుభవంలో అదీ ఒకటి.

చివరి పరీక్ష కూడా బాగానే వచ్చింది. ఆ పరీక్ష నాటికి నా బరువు నలభై మూడు నుంచి యాభై ఆరు కిలోలకు పెరిగింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక మచ్చ మిగిలింది. ఎక్స్‌రే తీసిన ప్రతిచోటా పాత సంగతి అడుగుతారు, చెబుతాను, అంతే. 2008 జనవరిలో పెద్దమ్మా నేనూ కలిసి చెరువు దగ్గరికి పోయి, ముఖం తెలియని ఒక ఇల్లాలి చేతిలో ఆరోగ్య రొట్టె పెట్టాము. వారానికి మూడు రోజుల ఆ పద్ధతి 2017 తరువాత పోయి, ఇప్పుడు రోజూ మందు ఇస్తున్నారు. నా కంటికి ఇదే సులువు. రోజు తప్పితే తెలిసిపోతుంది.

ఆమెకు నేను ఏదైనా చేసే అవకాశం రాలేదు. ఇది ఆమె పద్ధతికి తగినట్టే జరిగింది. చీర పంపితే అక్కలకు ఇచ్చేసేది, డబ్బు పంపితే పోస్టాఫీసులో నా పేరునే వేసేది, నెల్లూరు వచ్చి ఉండమంటే బర్రెను ఎవరు చూస్తారని అడిగేది. 2019లో కందుకూరులో చిన్నక్క ఇంటికి శనగలు తీసుకుని వెళ్లి, రాత్రి భోంచేసి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. డెబ్భై ఏడేళ్లు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక పంచలో కూర్చుని, నా కోసం ఆమె రాసిన ఆ నోటు పుస్తకాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ చదివారు. పెద్దక్క అన్నం గడి చూసి నవ్వుతూనే, నవ్వులో ఉక్రోషం దాచుకోకుండా, "మేము సగం వదిలితే వీపు మీద వేసేది, నీకేమో రాసిపెట్టుకుందా" అంది. అది నిజమేనని చిన్నక్క కూడా వత్తాసు పలికింది. అప్పటిదాకా మాట్లాడని మా అమ్మ పుస్తకం తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, పేజీలు తిరగేసి, "మీ ఇద్దరికే కాదమ్మా, నాకూ వేసింది. నా చిన్నప్పుడు మీ అమ్మకు చదువు రాదు గదా, రాసుకునే దారి లేక వీపు మీద వేసింది" అంది.