రెండు బ్లాకుల నడుమ ఫైబర్ వేయించిన వైనం

హన్మకొండలో మా కాలేజీకి రెండు బ్లాకులు, నడుమ గ్రౌండు. కేబుల్ పోయే దారి టేపు పట్టి కొలిస్తే 190 మీటర్లు. నెట్‌వర్క్‌కు వాడే రాగి క్యాట్-6 కేబుల్‌కు హద్దు 100 మీటర్లే. అందుకని నేను చేరకముందే ఎవరో వాచ్‌మన్ గదిలో ఒక నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లను కలిపే పెట్టె) పెట్టి అతుకేశారు. ఆయన ఫోన్ ఛార్జింగ్ కోసం దాని ప్లగ్గు పీకేవాడు. అదైనా ఓర్చుకోవచ్చు. రోహిణి చివర్లో ఉరుములు మొదలైతే మాత్రం పోర్టులు మాడిపోయేవి. మూడో స్విచ్ పోయాక ప్రిన్సిపాల్ సార్ ఫైబర్‌కు, అంటే వెలుగుతో డేటా మోసే గాజు పోగుల కేబుల్‌కు, ఒప్పుకున్నారు.

ఫైబర్‌లో రెండు రకాలు: వెలుగు పారే దారి వెడల్పుగా ఉండే మల్టీమోడ్, సన్నగా ఉండే సింగిల్ మోడ్. ఆ దూరానికి మల్టీమోడ్ కూడా సరిపోతుంది. అందులో ఓఎం3 అనే రకం మీద 10 గిగాబిట్ వేగం 300 మీటర్ల దాకా నడుస్తుంది. కానీ మన ఊళ్లో ఇంటర్నెట్ వాళ్లంతా వాడేది సింగిల్ మోడే, రేపు తెగితే అతికేవాళ్లు దొరకాలి కదా. రెండు కోర్లు (గాజు పోగులు) చాలు, అయినా ఆరు కోర్లది తీసుకున్నాం. గుంత తవ్వే కూలి ముందు కేబుల్ ధర ఎంత? ఎలుకల భయానికి ఉక్కు తొడుగున్న ఆర్మర్డ్ కేబుల్ తెచ్చాం. గాజులో కరెంటు పారదు గానీ చుట్టూ ఉన్న ఉక్కులో పారుతుంది. అందుకే బిల్డింగులోకి వచ్చేచోటే దాన్ని ఎర్త్ చేయించాం.

కాజీపేట నుంచి వచ్చిన తమ్ముడు ఫైబర్ కొసలను అతికే స్ప్లైసింగ్ మిషన్‌తో గంటన్నరలో పని ముగించాడు. కనెక్టర్ మొనను వేలితో ముట్టబోతే గట్టిగానే కసిరాడు. చేతి జిడ్డు చాలట, వెలుతురు ఆగడానికి.

తప్పు నాదే. చౌకగా దొరికాయని తెచ్చిన ఎస్ఎఫ్‌పీలు (స్విచ్‌లో గుచ్చితే ఫైబర్‌లోకి వెలుగు పంపే మాడ్యూళ్లు) 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంవి, మల్టీమోడ్‌వి. మల్టీమోడ్‌లో వెలుగు పారే 50 మైక్రాన్ల దారి కోసం చేసినవి సింగిల్ మోడ్‌లోని 9 మైక్రాన్ల దాంట్లోకి వెలుగు ఎట్లా దూరుస్తాయి? లింకు రాలేదు. వారం తర్వాత సింగిల్ మోడ్‌కు సరిపోయే 1310 నానోమీటర్లవి తెప్పించా. అయినా రాలేదు! మళ్లీ ఆ తమ్ముణ్నే పిలిచా. వెలుగు బలం కొలిచే పవర్ మీటర్ పెడితే ఒక కోరు మైనస్ 7 డీబీఎం, రెండోది మైనస్ 22. మైనస్ 19 కంటే తగ్గితే మా మాడ్యూల్‌కు చూపు ఆనదు. ఫైబర్‌లోకి ఎర్రలైటు పెన్ను కొట్టి, దాని చివరలు సర్దిపెట్టే ఎల్ఐయూ డబ్బా తెరిచాడు. మూత అంచు దగ్గర దారమంత ఫైబర్ నలిగి ఎర్రగా మెరుస్తోంది.

"సార్, ఈ మూత మీరు బిగించిండ్రా?"

లెక్చరర్లకు చూపిద్దామని నడుమ ఒకసారి తెరిచిన మాట నిజమే.

"ఏం గాలేదు, ఇరగలే. గిట్ల పెద్ద చుట్ట చుట్టాలె, అరచేయంత. చిన్నగ మడిస్తే వెలుగు బయటికి కారుతది."

సర్దగానే అదీ మైనస్ 7కు వచ్చింది. మిగతా నాలుగు కోర్లు కూడా కొలిపించి, ఆరింటి అంకెలూ తేదీతో సహా మార్కర్ పెట్టి ఆ మూత మీదే రాసుకున్నా. రేపు లింకు మొరాయిస్తే ముందు వాటితోనే పోల్చి చూడాలి.