పుండు అడుగు నుంచి మానాలి

తోకెముక దగ్గర పైలోనిడల్ సైనస్‌కి (వెంట్రుకలు చర్మంలోకి దిగి చీము పట్టే గొట్టంలాంటి పుండు) ఆపరేషన్ చేసి, చెడిన భాగమంతా తీసేసి, నాకు కుట్లు వేయకుండా వదిలేశారు. చూడటానికొచ్చిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: కుట్లేస్తే తొందరగా మానదా అని. లోపల ఖాళీ ఉండగా పైన మూసుకుపోతే చీము మళ్లీ అక్కడే చేరుతుంది. అడుగున కొత్త కండ పుట్టి పైకి రావాలి, చర్మం చివర్లో మూసుకోవాలి. దీనికి వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది.

ఈ పుండు మన కంటికి ఆనదు. నేర్చుకోవాల్సింది ఇంట్లో కట్టు కట్టే మనిషి. పక్కన నిలబడి చూస్తే రాదు. డిశ్చార్జికి ముందే సిస్టర్ ఎదుట తన చేత్తో చేసి చూపించాలి. "గాజ్ గుడ్డ లోపల కూరకండమ్మా, పరవండి" అని మా అమ్మకు సిస్టర్ చెప్పిన ఒక్క మాటలోనే సగం పని ఉంది.

కట్టు విప్పడానికి అరగంట ముందు డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కుని గ్లోవ్స్ తొడుక్కోవాలి. లోపలి గాజ్ అంటుకుంటే లాగొద్దు, కొత్త కండ దాంతో ఊడొస్తుంది. సెలైన్ పోసి ఐదు నిమిషాలు ఆగితే జారి వస్తుంది. తర్వాత సూది లేని 20 మి.లీ. సిరంజితో సెలైన్ చిమ్మి కడిగి, చుట్టూ చర్మాన్ని మాత్రం పొడిగా అద్దాలి. కొత్త గాజ్‌ని సెలైన్‌లో తడిపి, కారకుండా పిండి, అడుగు తాకేలా వదులుగా పరిచి, కొస బయటికి వదలాలి. బిగించి కూరితే రక్తం ఆడదు. ఒకే పొడవాటి ముక్క వాడండి. చిన్నవి నాలుగు పెడితే ఒకటి లోపలే ఉండిపోవచ్చు. పైన పొడి ప్యాడ్, టేపు. విరేచనానికి వెళ్లినప్పుడు కట్టు తడిసినా, మురికైనా వెంటనే మార్చాలి.

పసుపు, మందుల షాపు పొడులు లోపల చల్లొద్దు, గట్టిపడి పెచ్చు కడతాయి. నురగొచ్చే పెరాక్సైడ్ కొత్త కండను కూడా చంపుతుంది. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని పత్యం పెట్టేవాళ్లున్నారు. దయచేసి వినకండి, కండ పెరగడానికి కావాల్సిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. షుగరుంటే అదుపులో పెట్టుకోకపోతే ఎంత బాగా కట్టు కట్టినా మానడం ఆలస్యమే.

అడుగు దానిమ్మ గింజల్లా ఎర్రగా, తడిగా ఉంటే మంచిదే. పల్చటి రసి మామూలు. చిక్కటి చీము, దుర్వాసన, చుట్టూ పాకే ఎరుపు, 100.4 డిగ్రీల జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆరోజే ఆస్పత్రికి వెళ్లాలి.

కట్టు మార్చిన ప్రతిసారీ టార్చి వేసి రెండు చూడాలి. లోపల వెంట్రుక పడిందా? ఈ జబ్బు మొదలయ్యేదే దాంతో, కడిగేటప్పుడే తీసేయాలి. అడుగు నిండకుండా అంచులు రెండూ ఒకదానికొకటి అతుక్కుంటున్నాయా? పైకి మానినట్టే కనబడుతుంది, అక్కడే చాలామంది మోసపోతారు. వెంటనే సర్జన్‌కి చూపిస్తే అతుకు లేతగా ఉండగానే విడదీస్తారు.