అడేల్ కోరుకున్నది ఎవరిని?

ఒక మనిషి మీద కోరిక వ్యసనంగా ముదిరాక ఇక ఆ మనిషి అవసరమే లేకుండా పోతుందన్న సత్యాన్ని, ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫో 1975లో తీసిన 'అడేల్ హెచ్ కథ' చూపినంత నిక్కచ్చిగా మరే సినిమా చూపలేదని నా నమ్మకం. అడేల్ కల్పిత పాత్ర కాదు. మన 'బీదలపాట్లు' సినిమాకు మూలమైన నవల రాసిన విక్టర్ హ్యూగోకు ఆమె చిన్న కూతురు. పిన్సన్ అనే బ్రిటిష్ సైనికాధికారిని వెతుక్కుంటూ 1863లో ఆమె సముద్రం దాటి, నేటి కెనడాలోని హాలిఫాక్స్ నగరానికి చేరుకుంది.

వాళ్లిద్దరి మధ్య అంతకుముందు ఏం జరిగిందో చెప్పే గతం తాలూకు దృశ్యం ఒక్కటి కూడా ఈ సినిమాలో లేదు. ఇది త్రూఫో తీసుకున్న అతి ముఖ్యమైన నిర్ణయం అనిపిస్తుంది. ఆ ప్రేమ ఎంత మధురంగా ఉండేదో చూపించి ఉంటే మనం అడేల్ పక్షాన నిలబడి, పిన్సన్ ఎప్పటికైనా మనసు మార్చుకుంటాడని ఎదురుచూసేవాళ్లం. అలాంటి ఆశకు తావివ్వకుండా, ప్రేక్షకుడికి ఆమె దాహం మాత్రమే కనిపించేలా చేశాడు.

ఆ దాహం పెరిగే క్రమం అచ్చంగా వ్యసనపరుల జీవితంలో మాదిరిగానే సాగుతుంది. మొదట ఉత్తరాలు, తర్వాత తండ్రికి రాసే అబద్ధాలు, డబ్బు కోసం అభ్యర్థనలు, పెళ్లి జరిగిపోయిందన్న కట్టుకథ, చివరికి పిన్సన్‌కు కుదిరిన సంబంధాన్ని చెడగొట్టడం. అతడు కాదన్న ప్రతిసారీ ఆమె మరింత పెద్ద సాహసానికి పూనుకుంటుంది. అతడు వేరొక స్త్రీతో ఉండగా చాటుగా చూస్తున్నప్పుడు కూడా ఆమె ముఖంలో నాకు ఈర్ష్య కన్నా ఒక విధమైన తృప్తే ఎక్కువగా కనిపించింది. చిత్రీకరణ నాటికి ఇరవై ఏళ్లు కూడా నిండని నటి ఇసబెల్ అజానీ, ఆ క్షణాలను కన్నీళ్లతో నింపకుండా వెలుగుతున్న కళ్లతో నటించడం వల్లనే ఈ పాత్ర మీద జాలి కన్నా భయం ముందుగా కలుగుతుంది. గది మూలన కూర్చుని దస్తాల కొద్దీ కాగితాలు నింపుతూ ఉండే ఆమెకు, రాను రాను అతడి కన్నా అతడి గురించిన రాతే ప్రాణాధారమవుతుంది.

పిన్సన్ దళం బార్బడోస్‌కు తరలితే ఆమె అక్కడికీ వెళ్తుంది. చిరిగిన దుస్తులతో వీధుల్లో తిరుగుతున్న ఆమెకు ఒక రోజు అతడే ఎదురుపడి పలకరిస్తాడు. అడేల్ అతడిని గుర్తుపట్టదు. చూపు మరల్చకుండా దాటి వెళ్లిపోతుంది. ఎవరి కోసం తండ్రినీ, దేశాన్నీ, పేరునూ వదులుకుందో ఆ మనిషి కళ్లెదుట నిలబడినా, ఆమె లోపల కొనసాగుతున్న కోరికలో అతడికి చోటు లేదు.

నిజజీవితంలో అడేల్ ఫ్రాన్సుకు తిరిగి వచ్చి, దశాబ్దాల పాటు మానసిక చికిత్సాలయంలో గడిపి, 1915లో మరణించింది. ఈ సినిమా తీసిన రెండేళ్ల తర్వాత, 1977లో మరో సినిమాలో త్రూఫో ఇదే వ్యసనాన్ని ఒక పురుషుడి వైపు నుంచి కూడా చిత్రించాడు. అందులోని కథానాయకుడు ఎందరో స్త్రీల వెంట పడి, అలా ఒకరి వెనుక పరుగెత్తుతూనే కారు కింద పడతాడు. ఆ సినిమాలో చమత్కారం ఉంది, అందం ఉంది, కానీ అతడి పట్ల దర్శకుడి ఆప్యాయత అతడి రోగాన్ని కొంత కప్పివేస్తుంది. అడేల్ మీద కూడా త్రూఫోకు ప్రేమ తక్కువేమీ కాదు, అయినా ఆమె చెల్లించిన మూల్యంలో ఒక్క పైసా కూడా తగ్గించి చూపలేదు.