మన్యం వీరుడు, ఎథిక్స్ ఫారం, నా పీహెచ్‌డీ

"వైజాగ్‌లో ఉండి అల్లూరి పేరు తగిలే టాపిక్ తీసుకుంటావా? ధైర్యమే," అన్నారు మా గైడ్ మేడమ్. నా పరిశోధన ఫ్యాన్ ఫిక్షన్‌లోని క్వీర్ (స్వలింగ ప్రేమలాంటి) సంబంధాల మీద. సినిమానో సీరియలో చూసి, అందులోని పాత్రలతో అభిమానులు సరదాకి అల్లుకునే కథలవి. 2022లో ఆర్ఆర్ఆర్ ఓటీటీకి వచ్చాక, రామ్, భీమ్‌ల స్నేహాన్ని ప్రేమకథగా మార్చి ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ సైట్‌లో బోలెడు మంది రాశారు. చాలావరకు ఇంగ్లీషులోనే.

కమిటీ ముందు ప్రెజెంటేషన్ రోజు స్వలింగ సంబంధాల మీదే గొడవవుతుందని టెన్షన్ పడ్డాను. స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ 377 సెక్షన్‌పై సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇచ్చిన తీర్పు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నాను. దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. ఒక పెద్దాయన మాత్రం, "మన్యం వీరుడి మీద ఇలాంటివేంటమ్మా? పాడేరు జిల్లాకి ఆయన పేరే పెట్టారు. రేపెవరైనా వచ్చి డిపార్ట్‌మెంట్ ముందు ధర్నాకి కూర్చుంటే?" అన్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. సినిమాలో ఆ ఇద్దరి స్నేహమే కల్పన అనీ, ఈ కథలు ఆ కల్పిత పాత్రల మీదే తప్ప చరిత్ర పురుషుల మీద కాదనీ చెప్పాను. ఆ ముక్క టైటిల్‌లోనే ఉండాలన్నారు. "సినిమా పాత్రలు" అని చేర్చాను.

ఇంకొకాయనది "అసలిది సాహిత్యమేనా?" అన్న సందేహం. అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్‌లోని కిర్క్, స్పాక్‌లని జంటగా చేసి 1970ల నుంచే అభిమానులు, అందులో ఎక్కువగా ఆడవాళ్లు, సొంతంగా అచ్చేసుకున్న పత్రికల్లో రాసేవారని చెప్పాను. ఆయన కదల్లేదు. ఆ ఆర్కైవ్‌కి 2019లో, సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద పేరున్న హ్యూగో అవార్డు వచ్చిందనగానే పెన్ను తీసి రాసుకున్నారు. మన దగ్గర అవార్డుకున్న పవర్ అలాంటిది.

అసలు పని ఎథిక్స్ కమిటీ దగ్గర పడింది. పరిశోధన వల్ల మనుషులకి హాని జరగకుండా చూసే కమిటీ అది. ఫారం ఇస్తూ ఆఫీసులో క్లర్క్ గారు, "రక్తం గట్రా తీస్తారేటమ్మా?" అని అడిగారు. ఆయన తప్పేం లేదు, ఫారం అలాగే ఉంది. కమిటీ వాళ్లేమో, నెట్‌లో అందరికీ కనిపించే కథలకి పర్మిషన్ దేనికన్నారు.

దేనికో తెలియాలంటే నాకొచ్చిన ఒక మెయిల్ చదవాలి. రాసినామెదీ వైజాగే. "కథ గురించి రాసుకోండి. వాక్యాలు మాత్రం ఉన్నదున్నట్టు దించకండి. నా సంగతి ఇంట్లో తెలీదు, గూగుల్‌లో కొడితే నా పేజీ వచ్చేస్తుంది." నిజమేనా అని వేరే కథలోంచి ఒక వాక్యం కొట్టి చూశాను. మొదటి రిజల్టే ఆ కథ! మెయిల్లోని ఆ మాటల్ని కూడా ఆమెని అడిగాకే, కొంచెం మార్చి ఇక్కడ పెట్టాను.

అక్కణ్నుంచి పద్ధతి మార్చాను. ఒప్పుకున్నవాళ్ల వాక్యాలే కోట్ చేస్తాను. మిగతావాటి సారాంశం నా మాటల్లో, కలం పేరు కూడా మార్చి. అకౌంట్ ఉన్నవాళ్లకే కనిపించేలా లాక్ చేసిన కథల జోలికి వెళ్లను. కథ ఉంచేసి తన పేరు మాత్రం తీసేసుకునే వీలు ఆ సైట్‌లో ఉంది. అలా పేరు తీసేసినవాళ్లని వెతికి పట్టుకోకూడదని కూడా రాశాను. "కొటేషన్లు లేకుండా లిటరేచర్ థీసిస్ ఏంటి?" అని ఒక మెంబరు విసుక్కున్నారు. ఆయన బాధా అర్థమైంది. నాకు అన్నిటికన్నా నచ్చిన కథ రాసినవారి నుంచి జవాబే రాలేదు. అందులో ఒక్క వాక్యం కూడా వాడుకోలేను, ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

చివరికి క్లియరెన్స్ వచ్చింది, ఒక షరతుతో. థీసిస్ సబ్మిట్ చేసేలోపు ఎవరైనా వద్దంటే వాళ్ల భాగం తీసేయాలి.

ఇలాంటి టాపిక్ తీసుకునేవాళ్లకి ఒక్క మాట. కన్సెంట్ ఫారంలో అసలు పేరు, సంతకం అడుగుతారు. కలం పేరుతో వచ్చిన మెయిల్ చాలని కమిటీ చేత ముందే రాయించుకోండి. తర్వాత అడిగితే మళ్లీ మీటింగ్ పెట్టాలంటారు.