మూడు గిన్నెలు, కొన్ని ఈకలు

ఏడో తరగతి సైన్స్ ప్రదర్శనకు చీటీలు తీస్తే మా అమ్మాయికి ‘పెంగ్విన్లకు మనిషి వల్ల ముప్పు’ అని వచ్చింది. మేముండేది బరంపురంలో. థర్మోకోల్‌తో కొండ చేసి, దూది పరిచి, నల్ల కాగితపు పెంగ్విన్లను వరసగా నిలబెట్టాం. పెళ్ళి రిసెప్షన్ వేదికలా ముచ్చటగా ఉంది గాని, అందులో ముప్పు మాత్రం ఎక్కడా కనబడలేదు.

దాన్ని అటకెక్కించి, చదవడం మొదలుపెట్టాను. పెంగ్విన్లలో 18 జాతులుంటే చాలావాటికి మంచుతో పనే లేదట. ఆఫ్రికన్ పెంగ్విన్ ఉండేది దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో, ఎండలోనే. తరతరాలుగా పేరుకున్న పక్షుల రెట్టలో బొరియ తవ్వుకుని గుడ్లు పెట్టేది. ఆ రెట్టను 19వ శతాబ్దంలో మనుషులు ఎరువు కోసం గీకి పట్టుకుపోయారు. ఇంటి పైకప్పును పొలంలో చల్లుకోవడమంటే ఇదే.

2000 జూన్ 23న కేప్‌టౌన్ దగ్గర ట్రెజర్ అనే నౌక మునిగి, దాని ఇంధనం సముద్రంలో కలిసింది. దాదాపు 19,000 పెంగ్విన్లకు నూనె అంటుకుంది. వాటిని పట్టి కడిగారు. ఇంకా నూనె అంటని మరో 19,500 పక్షులనేమో దూరాన ఉన్న పోర్ట్ ఎలిజబెత్ వైపు తీసుకెళ్ళి వదిలారు. అవి ఈదుకుంటూ ఇల్లు చేరేలోగా ఇక్కడి నీళ్ళు బాగుపడాలని! ఇది చదివి మా అమ్మాయి, “మనమూ ఈకలు కడుగుదామా?” అంది.

చికెన్ కొట్టు నుంచి ఈకలు తెచ్చాం. నూనె అంటకముందే అవి నీళ్ళు పీల్చేసి ముద్దయ్యాయి. వేడినీళ్ళలో ముంచి పీకిన ఈకలని తర్వాత వెలిగింది. చెరువు గట్టున బాతులు పెంచేవాళ్ళను అడిగితే గుప్పెడు ఇచ్చారు. వాటి మీద నీటిచుక్క వేస్తే తామరాకు మీద పడినట్టు జారిపోయింది.

ఇక నూనె కావాలి. గోపాల్‌పూర్‌లో మేము చేపలు కొనే తాత పడవ ఇంజన్ నుంచి తీసిన పాత ఆయిల్‌ను దగ్గుమందు సీసాలో పోసి ఇచ్చాడు. “ఆ పెంగ్విన్లు తినేదేమిటి తల్లీ?” అని అడిగాడు. మన కవ్వలు, నెత్తళ్ళ వంటి చేపలేనన్నాను. “అయితే మాకు పోటీయే!” అని నవ్వాడు. 2024లో ఆఫ్రికన్ పెంగ్విన్‌ను అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్నవాటిలో చేర్చారనీ, 2025 మార్చిలో దక్షిణాఫ్రికా కోర్టు ఒప్పందంతో వాటి ఆరు స్థావరాల చుట్టూ ఆ చేపలు పట్టే పెద్ద పడవలకు పదేళ్ళు హద్దులు పెట్టారనీ చెప్పాను. నవ్వు ఆగిపోయింది. “ఇక్కడ రుషికుల్య నది దగ్గర తాబేళ్ళ కోసం నవంబర్ నుంచి మే దాకా వేటకు కట్టడి. అక్కడ పదేళ్ళా!” అన్నాడు. ఆయనకు నచ్చజెప్పాలని నాకు అనిపించలేదు. పస్తు ఎవరిదైనా పస్తే.

ఆయిల్‌లో ముంచిన ఈక పోగులు అంటుకుని తడి గడ్డిపరకలా వేలాడింది. సందుల్లోంచి నీళ్ళు సులువుగా లోపలికి పోయాయి. పెంగ్విన్‌కైతే ఆ చల్లటి నీళ్ళు ఒంటికే తగులుతాయి. ముక్కుతో శుభ్రం చేసుకోబోతే నూనె కడుపులోకి పోతుంది. ముందు వంటనూనె రాసి మడ్డిని వదులు చేశాం. గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్ తెచ్చుకుని రుద్దాం. ఈక తెల్లబడింది గాని, నీళ్ళలో వేస్తే మళ్ళీ తడిసిపోయింది. కారణం సబ్బు. అది మిగిలినా ఈక నీటిని ఆపలేదు. ఏడుసార్లు నీళ్ళు మార్చి, ఆరబెట్టాక తేలింది. ఒక్క ఈకకు సాయంత్రం మొత్తం పట్టింది.

పాడైపోయిన కోడి ఈకలనూ పారేయలేదు. ఎంపరర్ పెంగ్విన్ పిల్లల నూగు కూడా నీటికి ఆగదు. 2022లో అంటార్కిటికాలోని బెల్లింగ్‌స్‌హాసెన్ సముద్రంలో, పిల్లలకు అసలు ఈకలు రాకముందే కాళ్ళ కింది మంచు విరిగిపోయింది. అక్కడి ఐదు స్థావరాల్లో నాలుగింటిలో ఆ ఏడాది పిల్లలు దక్కలేదు. ఆయిల్ ఈకకు ఒక గిన్నె, కడిగిన ఈకకు ఇంకొకటి పెట్టాం. కోడి ఈకలతో మూడో గిన్నె ఆ పిల్లల కోసం పెట్టాం.

బహుమతి వాననీటి ఇంకుడుగుంతకు వెళ్ళింది. మా దగ్గరకు వచ్చిన న్యాయనిర్ణేత, “ఒడిశాలో పెంగ్విన్లెక్కడివి?” అని ఒడియాలో అడిగాడు. మా అమ్మాయి జవాబు చెప్పకుండా ఆయన చేతికి ఆయిల్ ఈక ఇచ్చింది. ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని, తుడుచుకోవడానికి గుడ్డ కోసం చుట్టూ చూశాడు.

అమ్మాయి గోళ్ళలో నలుపు నాలుగు రోజులైనా పోలేదు.